పూల టోపీ కింద పుర్రె

ఆ పుర్రె బొమ్మను మీరు చూసే ఉంటారు. వెడల్పాటి టోపీ, దాని నిండా పూలూ ఈకలూ, కింద పళ్లికిలించే ముఖం. మెక్సికోలో మృతుల పండుగ అనగానే గుర్తొచ్చే 'కత్రీనా'. ఇప్పుడు ఆమె అందరికీ మేకప్, ఫొటో. నాకు మాత్రం ఆ అందం దగ్గరే బాధగా ఉంటుంది. అది ముచ్చటపడటానికి గీసిన బొమ్మ కాదు, ఎత్తిపొడుపు.

గీసింది మెక్సికో చిత్రకారుడు హోసే గ్వాదలూపే పొసాదా. ఆయన బొమ్మలో తల, టోపీ మాత్రమే ఉన్నాయి. 1947లో దియేగో రివేరా తన కుడ్యచిత్రంలో నిలువెత్తు గౌను తొడిగి ఆమెను దొరసానిని చేశాడు. పొసాదా బొమ్మ 'గర్బన్సేరా'ది, అంటే శనగలమ్మది. ఒంట్లో ఆదివాసీ రక్తం ఉన్నా దాన్ని దాచి, పౌడరు పూసుకుని యూరప్ వేషం వేసేవాళ్లకు అప్పట్లో ఆ పేరు పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ దెబ్బ పడింది దొరల మీద కాదు, పైకి ఎదగాలనుకున్న పేద ఆడపిల్లల మీద. పొసాదాను విప్లవ వీరుడంటూ నెత్తిన పెట్టుకునేవాళ్లు ఈ మాట దాటేస్తారు. విప్లవ నాయకుడు మదేరోనూ ఆయన వదల్లేదు.

అలాగని ఆయన గొప్పతనం తగ్గదు. ఆయన పనిచేసిన వానేగస్ అర్రోయో ముద్రణాలయంలో ప్రార్థనలు, పాటలు, హత్యల వార్తలు, పుర్రె బొమ్మలు అన్నీ ఒకే చోట అచ్చయ్యేవి. పల్చటి కాగితం, ఒకటి రెండు సెంటావోల (అక్కడి పైసల) ధర. కొనేవాళ్లలో చాలామందికి చదువు రాదు, కాబట్టి కథంతా బొమ్మే చెప్పాలి. అందుకు పొసాదా జింకు పలక మీద ఆమ్లానికి చెక్కుచెదరని సిరాతో నేరుగా గీసేవాడు. పలకను ఆమ్లంలో ముంచితే గీత లేని చోటంతా తినేసి, గీతలు ఉబ్బెత్తుగా మిగిలేవి. దాన్ని సీసపు అక్షరాల పక్కన బిగించి రెంటినీ ఒకేసారి అచ్చు కొట్టేవారు.

అప్పటి నియంత పోర్ఫీరియో దియాస్ హయాంలో సూటిగా మాట్లాడితే జైలే. 1903లో 'ఎల్ ఇహో దెల్ అహుయిసోతె' పత్రికవాళ్లు 'రాజ్యాంగం చచ్చిపోయింది' అని బాల్కనీకి బ్యానర్ కట్టి జైలు పాలయ్యారు. పండుగనాడు బతికున్నవాళ్ల మీద చావు పద్యాలు రాసి నవ్వుకోవడం మాత్రం జనం ఆచారం. ఆ ఆచారమే పుర్రెకు కాస్త రక్షణ అయిందని నా నమ్మకం.

పొసాదా 1913 జనవరిలో పేదగా పోయాడు. శనగలమ్మ బొమ్మ కాగితం ఆయన పోయాకే జనానికి అందింది.

దెబ్బ పేదల మీద కాక పైవాళ్ల మీద పడటం చూడాలంటే 1937లో మెక్సికోలో మొదలైన ప్రజా చిత్రముద్రణ కార్యశాల దగ్గరికి రావాలి. వాళ్లు చెక్కడానికి పట్టుకున్నది చవకైన లినోలియం, అంటే నేల మీద పరిచే మెత్తటి షీటు. అందులో లియోపోల్దో మెందెస్ 1942లో చెక్కిన రైలు పెట్టె బొమ్మను ఒకసారి చూస్తే మరిచిపోలేం. చుట్టూ చీకటి. సైనికుడి లాంతరు వెలుగు పడినచోట, చావుకు తరలించే మనుషులు ఒకరినొకరు ఒత్తుకుని ఉంటారు. నాజీల ఘోరాన్ని మిగతా ప్రపంచం ఇంకా పూర్తిగా నమ్మని రోజులవి.

2006లో మెక్సికోలోని వహాకాలో టీచర్ల సమ్మె మీద పోలీసులు విరుచుకుపడ్డాక కుర్రకారు మళ్లీ చెక్క పలకలు, లినోలియం అందుకున్నారు. ఆ బొమ్మలను గ్యాలరీల కోసం దాచలేదు. వీధి గోడలకే అతికించారు. అధికారులు సున్నం కొట్టించారు, వాళ్లు మళ్లీ అతికించారు.