టీ రూమ్ తలుపు గడియ

బస్సు ప్రయాణం ఉందంటే మా అమ్మ ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించేసేది. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోట ఏముంటుందో తెలీదు కదా! విక్టోరియా రాణి కాలంలో లండన్ బజారుకెళ్లే ఆడవాళ్లకీ ఇదే టెన్షన్. మగవాళ్లకి క్లబ్బులున్నాయి, పబ్బులున్నాయి, వీధుల్లో మూత్రశాలలున్నాయి. ఆడవాళ్లు మాత్రం పని సగంలో వదిలేసైనా ఇంటికి పరిగెత్తాల్సిందే.

అందుకే టీ రూముల చరిత్ర చెప్పేవాళ్లు పింగాణీ కప్పుల దగ్గర మొదలుపెడితే నాకు ఒప్పదు. లోపల గడియ పెట్టుకునే తలుపు దగ్గర మొదలుపెట్టాలి.

1864లో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ (జనం ఏబీసీ అనేవాళ్లు) లండన్‌లో ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర టీ దుకాణం తెరిచింది. రొట్టెలమ్ముకునే కంపెనీకి ఆడవాళ్లను ఉద్ధరించే ఉద్దేశమేమీ లేదు, బేరం కోసమే పెట్టింది. అయితే అక్కడ మందు ఉండదు. మగతోడు లేకుండా వచ్చి కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. 1894లో లండన్ పికడిలీ వీధిలో లయన్స్ అనే కంపెనీ తన మొదటి టీ షాపు పెట్టింది. ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలకు, కౌంటర్ల వెనక నిలబడే అమ్మాయిలకు మధ్యాహ్నం ఇంత తినడానికి చోటు దొరికింది. చాలా టీ రూముల్లో టాయిలెట్ కూడా ఉండేది.

అదేం పెద్ద విషయమా అనుకునేవాళ్లు లండన్‌లోని కామ్డెన్ సంగతి వినాలి. 1900 ప్రాంతంలో అక్కడి హైస్ట్రీట్‌లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టాలన్నారు. అడ్డమవుతుందో లేదో చూద్దామని ముందు చెక్కతో ఒక నమూనా నిలబెట్టారు. బండ్లవాళ్లు పనిగట్టుకుని వచ్చి దాన్ని గుద్దారు. అప్పట్లో స్థానిక పాలకమండలిలో ఉన్న నాటక రచయిత బెర్నార్డ్ షా దీని మీద చాలాకాలం పోరాడాల్సి వచ్చింది. ఊరు ఇవ్వనన్నది టీ దుకాణం ఇచ్చింది, కాకపోతే కప్పు టీ కొనాలి. ఆ కాస్త చిల్లర కూడా లెక్క చూసుకునే కూలి ఆడవాళ్లకు ఆ తలుపు తెరుచుకోలేదు. లోపల ట్రేలు మోసే అమ్మాయిలకు రోజంతా నిలువుకాళ్ల కొలువే, జీతం అంతంతమాత్రం.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో కేట్ క్రాన్‌స్టన్ అనే ఆవిడ 1878 నుంచే సొంతంగా ఈ వ్యాపారం చేసింది. 1903లో సాకీహాల్ వీధిలో ఆమె తెరిచిన విల్లో టీ రూమ్స్‌ని తీర్చిదిద్దింది ఆర్కిటెక్ట్ చార్లెస్ రెనీ మెకింటోష్. ఆడవాళ్లకు వేరే గది ఉన్నా, మగవాళ్లకు పైన బిలియర్డ్స్ గది కూడా పెట్టింది. గట్టి వ్యాపారి!

అదే ఏడాది మాంచెస్టర్‌లో ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ అనే ఆవిడ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం సంఘం పెట్టింది. ఇలాంటి సంఘాల ఆడవాళ్లు కలుసుకోవడానికి టీ రూములు బాగా పనికొచ్చాయి. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో అలాన్స్ టీ రూమ్స్ వాళ్లు ఉద్యమకారుల మీటింగులకు పెద్ద గది ఇచ్చేవాళ్లు. నలుగురు ఆడవాళ్లు టీ తాగుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

కానీ 1913 ఫిబ్రవరిలో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే పెద్ద తోటలో ఉన్న టీ పెవిలియన్‌ను తగలబెట్టింది కూడా ఈ ఉద్యమంవాళ్లే. ఆలివ్ వారీ, లిలియన్ లెంటన్ పట్టుబడ్డారు. లోపల ఎవరూ లేరని చూసుకున్నాకే నిప్పు పెట్టామని, అది ప్రభుత్వానిదే అనుకున్నామని వారీ కోర్టులో చెప్పింది. తీరా దాన్ని నడుపుతున్నది ఇద్దరు ఆడవాళ్లు. ఇది యుద్ధమని, యుద్ధంలో సంబంధం లేనివాళ్లూ నష్టపోక తప్పదని వారీ ఆ ఇద్దరికీ చెప్పుకుంది.