కర్చీఫ్ వేసి సీటు పట్టిన పోర్టు గారికి

గౌరవనీయులైన ఆటో-అప్‌స్ట్రీమ్ గారికి,

రెండు స్వెట్టర్లు వేసుకుని, ర్యాక్ ముందు తిరగేసిన అట్టపెట్టె మీద కూర్చున్న నెట్‌వర్క్ ఇంజనీరు నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమంగా లేను. మీరు క్షేమమేనని మీ పచ్చ లైటు చూస్తేనే తెలుస్తోంది. తెలియనివారికి మీ పరిచయం: డేటా సెంటర్ స్విచ్‌లు తమ సెట్టింగులు ఒకదానికొకటి చెప్పుకునే డీసీబీఎక్స్ అనే పద్ధతిలో, పైస్విచ్ చెప్పింది విని కింది పోర్టులకు నేర్పే పోర్టు పాత్ర మీది.

శనివారం రాత్రి ఒంటిగంటకు మొదలైన స్విచ్ ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ ఇది. అరగంట పని అని టికెట్‌లో రాసింది నేనే. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. బయట మే నెల ఎండ మాడ్చేస్తోంది, ఇక్కడ కోల్డ్ ఐల్‌లో, అంటే సర్వర్లకు చల్లగాలి కొట్టే సందులో, నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పొద్దున మా అక్క కొడుకు అన్నప్రాశన. మేనమామని నేను, పరమాన్నం ముద్ద మా బావ పెట్టాడు.

స్విచ్ రీబూట్ అయి లేచింది. లింకులన్నీ అప్. పింగ్ కొట్టి ఉన్నావా అంటే పలుకుతోంది. సర్వర్లకు మాత్రం స్టోరేజ్ డిస్కులు ఒక్కొక్కటే కనబడకుండా పోతున్నాయి. "పింగ్ వస్తోంది కదండీ" అని నేను, "డిస్కు రావట్లేదు కదండీ" అని స్టోరేజ్ వాళ్ళు. తెల్లారేదాకా ఇదే భజన.

మీ దగ్గర నాకున్న గొడవ ఒక్కటే: సీటు.

ఈ స్విచ్‌కి పైనున్న కోర్ స్విచ్‌ల దాకా వెళ్ళే అప్‌లింకులు రెండు, రెండింటికీ మీ రోలే. మొదటి దాని అవతల ఉన్న కోర్ స్విచ్‌కి సంగతి సరిగ్గా తెలుసు: ట్రాఫిక్‌ని విడగొట్టే ఎనిమిది ప్రయారిటీల్లో 3 నంబరు స్టోరేజ్‌ది, ఆ లేన్‌లో ఒక్క ఫ్రేము, అంటే ఒక్క డేటా ముక్క, కూడా పోకూడదు, రద్దీ పెరిగితే దాన్నొక్కదాన్నే కాసేపు ఆపాలి (పీఎఫ్‌సీ అంటే ఇదే). రెండో దాని అవతల కోర్‌లో ఎవరో ఏదో ప్రయోగం చేసి ఆ రక్షణ 3కి తీసేసి 4కి పెట్టారు, పెట్టి మర్చిపోయారు. మూడేళ్ళుగా మొదటి అప్‌లింకే ముందు లేచేది కాబట్టి ఆ తప్పు ఎవరి కంటా పడలేదు. నిన్న రాత్రి రీబూట్ తర్వాత రెండోది ముందు లేచింది.

పల్లెవెలుగు బస్సు ఎక్కినవాడికి మీ పద్ధతి కొత్తేమీ కాదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరినవాడిదే సీటు. కర్ర పట్టుకున్న ముసలాయన నిలబడ్డా సరే, కర్చీఫుకే మర్యాద. కానీ అక్కడ కూడా సీటు దొరికినవాడు డ్రైవరైపోడండీ. మీ దగ్గర అయిపోతాడు! అవతలి స్విచ్‌తో ముందు మాట కలిసిన పోర్టే కాన్ఫిగరేషన్ సోర్స్. దానికి వినపడిందే స్విచ్ మొత్తానికి శాసనం. కిందనున్న 40 సర్వర్ పోర్టులూ తమ లెక్క పక్కన పెట్టి ఆ తప్పుడు లెక్కనే చెవికెక్కించుకున్నాయి. అర నిమిషం ఆలస్యంగా లేచిన మొదటి అప్‌లింకు మాత్రం నిజం చేతిలో పట్టుకుని, సీటు లేక, పొంతన కుదరడం లేదన్న ఎర్రర్‌తో నిలబడి ఉంది.

అన్నప్రాశన వీడియో కాల్‌లో చూశాను. వాడి ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వు పెట్టారు. ఆరు నెలల బుడ్డోడు అన్నీ ఓసారి కలయజూసి, పువ్వు మీద చెయ్యేసి, వెనక్కి తీసుకుని, చివరికి పెన్ను పట్టుకున్నాడు. వాడికి పళ్ళు కూడా లేవండీ! అయినా చూసి ఎంచుకున్నాడు. మీరు చేతికి ముందు తగిలింది పట్టుకున్నారు.

ఇక మీ విల్లింగ్ బిట్ గురించి. ఒక్క బిట్టు. అవతలివాళ్ళు ఏం చెప్పినా సరేనంటానని ఒప్పుకునే బిట్టు. రెండు పక్కలా అదే వెలిగితే "ముందు మీరు కానివ్వండి" అని ఒకరినొకరు బతిమాలుకోవడం, చివరికి ప్రమాణాలు రాసే ఐట్రిపులీ వారి పద్ధతిలో ఎవరి మ్యాక్ అడ్రసు (పరికరానికుండే గుర్తింపు నంబరు) చిన్నదైతే వారి పీఎఫ్‌సీ మాటే నెగ్గడం. తప్పొప్పులతో పనిలేదు, నంబరు చిన్నదైతే చాలు.

మీ తమ్ముడు ఆటో-డౌన్‌స్ట్రీమ్ గారిని ఏమీ అనను. పైనుంచి వచ్చిన కాగితం చదవకుండా కిందకి పంపే గుమాస్తా, అంతే. ఎగువ, దిగువ అన్నమాటలు కూడా మాకు కొత్త కాదు, శ్రీశైలం కింద సాగర్ ఉన్న నేల మాది. అక్కడ గేటు ఎత్తే ముందు కనీసం సైరన్ మోగిస్తారు. మీరు 40 పోర్టులు ముంచేటప్పుడు ఒక్క అలారం లేదు. మీ కబుర్లు మోసే ఎల్‌ఎల్‌డీపీ ప్యాకెట్ మామూలుగా 30 సెకన్లకొకటి. డీసీబీఎక్స్ వెర్షన్లు మూడు, ఏది ఎవరితో కలుస్తుందో పంచాంగం చూడాలి.

తెల్లవారుజామున దొరికావు. పేజీల కొద్దీ డీటెయిల్ అవుట్‌పుట్ మధ్యలో ఒక్క లైను: కాన్ఫిగరేషన్ సోర్స్ ఇదేనా? ట్రూ. రెండో అప్‌లింకు పక్కన. అంత మాట అంత చిన్నగా చెప్తావా? ఆ లైను పైనెక్కడైనా పెద్దగా ఉంటే ఈ పాటికి నేను అక్కావాళ్ళింట్లో పులిహోర తింటూ ఉండేవాణ్ణి కాదా? లాగ్‌లో ఒక్క ముక్క రాయడానికి నీకు నొప్పా? చేసిన ఘనకార్యం చేసి, పచ్చ లైటు వెలిగించుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంటావా?

సరే. నిన్ను తీసేశాను. రెండు అప్‌లింకులూ మాన్యువల్, 40 సర్వర్ పోర్టులూ మాన్యువల్, అంటే నేను చేత్తో పెట్టిందే లెక్క. అన్నిటినీ ఒకేసారి మార్చే రేంజ్ కమాండ్ కొట్టొచ్చు కదా అంటావేమో, ధైర్యం చాల్లేదు. ఒక్కోటీ మార్చి, 3 పక్కన ఆన్ అని చూసుకుని, తర్వాతదానికి వెళ్ళాను. ఇరవై ఏడో పోర్టు దగ్గర వేలు చచ్చుబడితే చంకలో పెట్టుకుని వేడి చేసుకున్నాను. డిస్కులన్నీ వచ్చాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ మూడేళ్ళలో కొత్త సర్వర్ వచ్చినప్పుడల్లా కేబుల్ గుచ్చి టీకి వెళ్ళిపోయేవాణ్ణి. తిరిగొచ్చేసరికి దానికి అన్నీ నేర్పేసి ఉంచేవాడివి. రేపటి నుంచి ఆ పని నాదే.

అందుకే ల్యాబ్‌లోని పాత స్విచ్‌లో ఒక్క పోర్టు నీ పేరు మీదే ఉంచాను. అప్‌లింకు ఒక్కటే. బస్సంతా ఖాళీ, కర్చీఫ్ జేబులోనే పెట్టుకో.

ఇట్లు,
ఇంకా ఇంటికి వెళ్ళని
మీ ఇంజనీరు