పురిటికి చెక్కు, పెంపకానికి మొండిచెయ్యి

జననాల రేటు పడిపోతోందని గగ్గోలు మొదలైన చోటల్లా పాలకులకు మొదట తోచేది ఒకటే: బిడ్డ పుట్టగానే తల్లి చేతిలో కొంత సొమ్ము పెట్టడం. ఫొటో బాగా వస్తుంది. పతాక శీర్షిక పడుతుంది. ఎంత ఖర్చవుతుందో ఆర్థికశాఖకు ముందే తెలుస్తుంది. కానీ కనాలని ఉండి కూడా వెనకాడుతున్న దంపతుల భయం కాన్పు బిల్లు గురించి కాదు. అది ఒక్కసారి వచ్చిపోయే ఖర్చు, అప్పో సప్పో చేసి గట్టెక్కుతారు. వాళ్లను ఆపేది ఆ తర్వాతి మూడేళ్లు.

అలా ఆగిపోతున్నవాళ్లు తక్కువేమీ కాదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 14 దేశాల్లో చేయించి 2025లో బయటపెట్టిన సర్వేలో, కోరుకున్నంత మంది పిల్లలు లేకపోవడానికి డబ్బు ఇబ్బందే కారణమని 39 శాతం మంది చెప్పారు. పిల్లలే వద్దనుకున్నవాళ్ల జోలికి ప్రభుత్వం వెళ్లనక్కర్లేదు. కావాలనుకుని, లెక్క వేసుకుని, మనసు చంపుకున్నవాళ్ల సంగతే ఇక్కడ.

చెక్కుల చరిత్ర చూడండి. 2004 జూలై 1 నుంచి పుట్టే బిడ్డకు 3,000 డాలర్లు ఇస్తామని ఆస్ట్రేలియా ముందుగానే చెప్పింది. ఫలితంగా జూన్‌ ఆఖర్లో జరగాల్సిన వెయ్యికి పైగా కాన్పులు జూలైలోకి వాయిదా పడ్డాయని ఆర్థికవేత్తలు జాషువా గాన్స్, ఆండ్రూ లీ లెక్కగట్టారు. దక్షిణ కొరియా 2022లో పుట్టిన బిడ్డకు 20 లక్షల వాన్‌ల వోచర్ ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అక్కడ సంతానోత్పత్తి రేటు, అంటే ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 0.72. నగదు అసలే పనిచేయదని కాదు. కెనడాలోని క్యుబెక్ 1988-97 మధ్య మూడో బిడ్డకు 8,000 డాలర్ల దాకా ఇచ్చినప్పుడు జననాలు గట్టిగానే పెరిగాయి. అయితే అది పెద్ద మొత్తం, పైగా ఏళ్ల తరబడి వాయిదాల్లో అందింది. అంటే అది పురుటికి ఇచ్చిన కానుక కాదు, పెంపకానికి ఇచ్చిన భృతి.

ఇప్పుడు ఆ మూడేళ్ల సంగతి. ప్రసూతి సెలవు ఆరు నెలలు, బడిలో చేర్చుకునేది మూడేళ్లు నిండాక అనుకోండి. మధ్యలో 30 నెలలు గాలిలో ఉన్నట్టే. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి, లేదా ఇంట్లో పెద్దవాళ్లు చూసుకోవాలి, లేదా డేకేర్‌లో పెట్టాలి. మానేది ఎవరో చెప్పనక్కర్లేదు. పోయేది ఆ 30 నెలల జీతమే అనుకుంటే పొరపాటు. ఇంక్రిమెంట్లు, ప్రమోషన్, పింఛనుకు జమయ్యే సర్వీసు కూడా పోతాయి. డేకేర్ వ్యవస్థ బ్రహ్మాండంగా ఉన్న డెన్మార్క్‌లోనే, మొదటి బిడ్డ పుట్టాక తండ్రి సంపాదనతో పోలిస్తే తల్లి సంపాదన దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడుతోంది. ఆ వ్యవస్థ లేని చోట ఎంతుంటుందో ఊహించుకోండి.

మరి డేకేర్ ఎందుకంత ఖరీదు? యజమానుల దురాశ అని తిట్టుకోవడం తేలిక, కానీ అసలు కారణం నిష్పత్తిలో ఉంది. ఏడాదిలోపు పిల్లలకు ముగ్గురు నలుగురికి ఒక ఆయా ఉండాలి. నలుగురికి ఒకరు అనే లెక్కన ఒక్కో బిడ్డ మీద ఆయా జీతంలో పావు వంతు పడుతుంది. ఆయా పనిచేసేది ఎనిమిది గంటలు, కేంద్రం తెరిచి ఉండాల్సింది పది గంటలు. కాబట్టి ఒకరి చోట ఒకటింపావు మంది కావాలి. అప్పుడు బిడ్డకు పడేది జీతంలో దాదాపు మూడో వంతు. అద్దె, తిండి, సెలవు పెట్టినవాళ్ల బదులు మనిషి ఇంకా కలపలేదు. అదే మూడేళ్లు దాటిన పిల్లలైతే పదిమందికి ఒకరు చాలు, బిడ్డకు పడేది ఎనిమిదో వంతు. ప్రభుత్వాలు మూడేళ్లు నిండినవాళ్లకు ఉచితమని చాటింపు వేసి, అంతకంటే చిన్నవాళ్ల ఊసెత్తకపోవడం వెనక ఉన్న గుట్టు ఇదే. చవకైన ఏళ్లు సర్కారువి, ఖరీదైన ఏళ్లు అమ్మానాన్నలవి.

ఫీజు తగ్గిస్తే చాలదా అంటే, వరస తప్పితే అదీ బెడిసికొడుతుంది. క్యుబెక్ 1997లో రోజుకు ఐదు డాలర్ల డేకేర్ మొదలుపెట్టింది. తల్లులు ఉద్యోగాల్లోకి భారీగా వచ్చారు, అది నిజమైన విజయం. కానీ సీట్ల కంటే గిరాకీ వేగంగా పెరిగి వెయిటింగ్ లిస్టులు చాంతాడంత అయ్యాయి. హడావిడిగా తెరిచిన కేంద్రాల్లో నాణ్యత కుంటుపడింది. ముందు సీట్లు, తర్వాత ఆయాలు మానేయకుండా నిలబడే జీతాలు, ఆఖరున ఫీజు పరిమితి: ఇదీ వరస. స్వీడన్ 2002లో పెట్టిన పరిమితి చూడదగ్గది. కుటుంబ ఆదాయంలో మొదటి బిడ్డకు 3 శాతం, రెండో బిడ్డకు 2, మూడో బిడ్డకు 1 శాతం, దాని మీద మళ్లీ ఒక గరిష్ఠ మొత్తం. ఫీజు బాగా తగ్గిన కుటుంబాల్లో జననాలు పెరిగినట్టు అక్కడి పరిశోధకులు తేల్చారు. చవకవుతోంది పెద్ద బిడ్డ కాదు, పుట్టబోయే బిడ్డ. ఈ సూత్రం పట్టుకున్నవాడు తెలివైనవాడు.

సెలవు అయిపోయే రోజుకూ, డేకేర్ సీటు దొరికే రోజుకూ మధ్య ఖాళీ లేకుండా అతుకు వేయడంలో జర్మనీది మంచి పనితనం. 2007లో నికర జీతంలో 67 శాతం చొప్పున 12 నెలలు ఇవ్వడం మొదలుపెట్టింది, దంపతుల్లో రెండోవారు కూడా సెలవు తీసుకుంటే మరో రెండు నెలలు. 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ సీటు చట్టబద్ధ హక్కు. సీటు చూపించకపోతే, స్థానిక సంస్థ తప్పు వల్ల పోయిన జీతాన్ని నష్టపరిహారంగా అడగవచ్చని అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు 2016లో తేల్చింది. అధికారులకు నిద్ర పట్టకుండా చేసేది ఇలాంటి తీర్పులే. 2006లో 1.33 ఉన్న రేటు పదేళ్లలో 1.6 దగ్గరికి వచ్చింది. వలసల వాటా ఉంది, నిజమే. కానీ జీతంలో శాతంగా భృతి ఇవ్వడం మొదలెట్టాక మంచి జీతమున్న మహిళల్లో జననాలు పెరిగాయి, ఆ ముక్క వలసలతో తేలేది కాదు.

ఇంకో పీటముడి, సెలవు జీతం ఎవరిస్తారన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒడంబడిక కనీసం 14 వారాల సెలవు ఉండాలని, ఆ భారం సాధారణంగా విడిగా యజమాని నెత్తిన పడకూడదని చెబుతోంది. భారత్ 2017లో సెలవును 26 వారాలకు పెంచి, ఈఎస్‌ఐ బీమా పరిధిలో లేని ఉద్యోగుల బిల్లు మాత్రం కంపెనీలకే పంపింది. ఇరవై మంది పనిచేసే చిన్న సంస్థ పెళ్లీడు అమ్మాయిని ఇంటర్వ్యూలోనే పక్కన పెడితే అది సంస్కార లోపం మాత్రమే కాదు, చట్టం నేర్పిన లెక్క. ఆడా మగా తేడా లేకుండా అందరి జీతాల మీదా స్వల్ప చందా వసూలు చేసే ఉమ్మడి బీమా నిధి ఉంటే ఆ లెక్కకు ఆధారమే ఉండదు.

(చట్టాలు అనుకోకుండా చేసే చేటు కూడా ఉంటుంది. అమెరికాలో పిల్లల కారు సీట్ల నిబంధన వయసు పెంచుకుంటూ పోయారు. మామూలు కారు వెనక వరసలో ఆ సీట్లు మూడు పట్టవు. ఇద్దరు పిల్లలు ఇంకా ఆ సీట్ల వయసులోనే ఉన్న కుటుంబాల్లో మూడో కాన్పులు తగ్గినట్టు ఇద్దరు ఆర్థికవేత్తలు చూపించారు. పెద్ద కారు ధర గర్భనిరోధకంగా మారింది.)

ఇన్ని ఇచ్చినా ఫిన్లాండ్‌లో రేటు 2010లోని 1.87 నుంచి 2023కి 1.26కి జారలేదా అని అడిగేవాళ్లుంటారు. జారింది. తోడు దొరకకపోవడం, రేపటి మీద నమ్మకం లేకపోవడం వంటివి భృతితో పోవు. కానీ వాళ్లు కొలుస్తున్నది తలల సంఖ్య. కొలవాల్సింది కోరుకున్న పిల్లలకూ పుట్టిన పిల్లలకూ మధ్య దూరం. ఆ దూరంలో డబ్బు ఆక్రమించిన భాగాన్ని తగ్గించడం ప్రభుత్వం పని, మిగతాది దాని చేతిలో లేదు.

అసలు చేదు నిజం వేరే ఉంది. ఇచ్చిన భృతిని కూడా ధరలు తినేస్తుంటే చూస్తూ ఊరుకోవడం. పోలండ్ 2016లో పిల్లల భృతిగా నెలకు 500 జ్లోటీలు మొదలుపెట్టి, మధ్యలో ద్రవ్యోల్బణం రెండంకెలు దాటినా 2023 చివరిదాకా అంకె మార్చలేదు. జర్మనీ భృతికి కనిష్ఠం 300, గరిష్ఠం 1,800 యూరోలు అని 2007లో రాసుకున్నవి అలాగే ఉన్నాయి. బిడ్డ పుడితే కుటుంబానికి ఇచ్చే ‘మాతృ పెట్టుబడి’ సొమ్మును రష్యా 2015 నుంచి కొన్నేళ్లు స్తంభింపజేసింది.

ముసలివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇదే చెయ్యి ఎలా తిరుగుతుందో బ్రిటన్‌లో చూడండి. పిల్లల భృతి 2010లో మొదటి బిడ్డకు వారానికి 20.30 పౌండ్లు, 2019లో 20.70. తొమ్మిదేళ్లలో 40 పెన్నీలు. అదే కాలంలో ప్రాథమిక రాజ్య పింఛను 97.65 నుంచి 129.20కి పెరిగింది. జీతాలు, ధరలు, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెరగాలన్న ‘ట్రిపుల్ లాక్’ దానికి కాపలా. పింఛను పెంచొద్దని కాదు. కానీ ఆ పింఛనుకు చందా కట్టేది రేపు ఉద్యోగంలో చేరే పిల్లలు, ఎవరో కని పెంచిన పిల్లలు. పెంచిన ఖర్చు ఒక ఇంటిది, దాని మీద వచ్చే రాబడి అందరిదీ. పిల్లలు లేనివాళ్లను నిందించడానికి కాదు ఈ మాట, ఖాతా పుస్తకంలో ఒక పక్క మాత్రమే రాస్తున్న ఖజానాను నిలదీయడానికి. పింఛనుకు వర్తించే పెంపు సూత్రాన్నే పిల్లల భృతికీ, డేకేర్ గ్రాంటుకూ, అదే చట్టంలో, అదే వాక్యంలో రాయాలి. అప్పుడు ఒకదాన్ని స్తంభింపజేయాలంటే రెండోదాన్నీ స్తంభింపజేయాల్సి వస్తుంది. వయసు మళ్లిన ఓటర్ల ముందు ఆ సాహసం చేసే ఆర్థిక మంత్రి ఉండడు.