జనం రాలేదట!

చిన్న సినిమా చూద్దామని యాప్ తెరిస్తే ఊరు మొత్తానికి ఒక్కటే షో. అదీ పొద్దున్నే, అందరూ ఆఫీసుల్లో ఉండే టైములో. పక్క స్క్రీన్లలో పెద్ద సినిమా గంటకో ఆట! సోమవారానికి ఆ ఒక్కటీ ఎత్తేసి ‘జనం రాలేదండీ’ అంటారు. ఎలా వస్తారు, సెలవు పెట్టుకునా? పెద్ద స్టూడియోలు ప్రచారానికే కోట్లు కుమ్మరిస్తాయి, చిన్న నిర్మాతకి పోస్టర్ ఖర్చే గగనం. చిన్న సినిమా ఆడదా అంటే, 1999లో వచ్చిన అమెరికన్ హారర్ సినిమా ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ షూటింగ్ లక్ష డాలర్లలోపే ముగిసింది, వసూళ్లు దాదాపు 25 కోట్ల డాలర్లు. అయితే దానికి థియేటర్లంటూ దొరికాయి (ప్రచారమూ గట్టిగానే చేశారు లెండి). అన్నిటికంటే ఒళ్లు మండేది ఆర్నెల్ల తర్వాత ఓటీటీలో చూసి ‘ఇంత మంచి సినిమా థియేటర్లో ఎందుకు ఆడలేదో’ అనేవాళ్లని చూస్తే. ఆడనిస్తేగా!