ఫిల్టర్ పట్టని గాజు బౌలు గారికి

మహారాజశ్రీ గుండ్రటి గాజు బౌలు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరికి ఎలాగూ ఏమీ కాదు, గాజు కదా. తమరి కడుపులో గిరగిరా తిరుగుతున్న మూడో ప్రాణి తరఫున ఈ ఉత్తరం.

ముందుగా అభినందనలు అందుకోండి. ఇన్ని చావుల తర్వాత కూడా తమరి మీద ఒక్క మాట పడలేదు. చేప పైకి తేలిన ప్రతిసారీ నింద దాని నెత్తినే పడుతుంది. “గోల్డ్‌ఫిష్‌లు అంతేనండీ, నాలుగు నెలలు బతికితే గొప్ప” అంటారు. “మాకు చేపలు అచ్చిరావు” అంటారు. చేపను పారేసి, తమర్ని కడిగి బోర్లించి, వారం తిరక్కుండానే ఇంకో చేపను తెచ్చి మళ్ళీ తమరికే అప్పగిస్తారు. సరైన నీళ్ళలో గోల్డ్‌ఫిష్ పది పదిహేనేళ్ళు బతుకుతుందనీ, నలభై ఏళ్ళు దాటినవి కూడా రికార్డులకెక్కాయనీ తమరెందుకు చెబుతారు లెండి.

తమరి చలవతో ఇంకో సిద్ధాంతం కూడా చలామణీలో ఉంది. గోల్డ్‌ఫిష్ ఉన్న చోటును బట్టే పెరుగుతుందట! కామెట్ రకం తోకతో కలిపి అడుగు దాకా పెరుగుతుంది. గుండ్రటి పొట్టల ఒరాండాలు, ఫాన్‌టెయిల్‌లు 15 నుంచి 20 సెంటీమీటర్లు వస్తాయి. బౌల్లో అవి ఎదగనిది చోటు కొలుచుకుని బుద్ధిగా ఆగిపోయినందుకు కాదు, చెడ్డ నీళ్ళలో గిడసబారినందుకు. ఎదగాల్సిన వయసు రాకముందే పోతాయి. పోయేనాటికి చిన్నగానే ఉంటాయి గనక సిద్ధాంతం రుజువైపోయినట్టే.

ఇక తమరి దేహసౌష్ఠవం. 25 సెంటీమీటర్ల వ్యాసం, 12 సెంటీమీటర్ల మూతి ఉన్న మధ్యరకం బౌలునే తీసుకుందాం. మూతి దాకా నింపితే 8 లీటర్లు పడతాయి గానీ, గాలి తగిలే నీటి పైభాగం 113 చదరపు సెంటీమీటర్లే. నడుము దాకా నింపితే పైభాగం 490 అవుతుంది, నీళ్ళేమో 4 లీటర్లకు పడిపోతాయి. గాలి కావాలో నీళ్ళు కావాలో చేపే తేల్చుకోవాలన్నమాట. ఆక్సిజన్ లోపలికి దిగేదీ, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేదీ ఆ పైభాగం నుంచే. నీళ్ళు వేడెక్కితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టే నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి పట్టవు. ఊపిరాడక చేప పైకొచ్చి నోరు తెరిచి మూస్తుంటే, ముద్దులు పెడుతోందని పిల్లలకు చూపిస్తారు.

అయితే ఊపిరి సంగతి చిన్నది. తమరి అసలు హస్తలాఘవం అమ్మోనియా.

చేప మొప్పల నుంచి అది రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది. మలం, తినకుండా వదిలేసిన మేత కుళ్ళి దానికి తోడవుతాయి. అమ్మోనియాకు రంగు లేదు, చేపకు హాని చేసే మోతాదులో మనకు వాసన కూడా తెలియదు. తమరు తళతళలాడుతూనే ఉంటారు. లోపల మొప్పలు కమిలిపోతుంటాయి, రెక్కల్లో ఎర్రటి చారలు తేలతాయి, రెక్కలు ముడుచుకుని చేప అడుగున కూర్చుంటుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి కాబట్టి అందరూ మేత సరిపోలేదనుకుని ఇంకో చిటికెడు వేస్తారు. ఆ చిటికెడూ అమ్మోనియా ఖాతాలోకే.

ఇందులో పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత, ఆడే ఆట ఒకటుంది. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో వందో వంతు కూడా విషరూపంలో ఉండదు. అదే పీహెచ్ 8 అయితే సుమారు ఇరవయ్యో వంతు విషమవుతుంది. ఒకే సైజు బౌలు, ఒకే రకం చేప, ఒక ఇంట్లో ఆరు నెలలు లాగడానికీ ఇంకో ఇంట్లో పది రోజుల్లో పోవడానికీ ఇదొక కారణం. ఆ మొదటి ఇంటివాళ్ళే తర్వాత అందరికీ సలహాలిస్తుంటారు.

పెద్ద ట్యాంకులో కూడా చేప అమ్మోనియానే వదులుతుంది. తేడా ఏమిటంటే అక్కడ దాన్ని తినేవాళ్ళుంటారు. ఒక గుంపు బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో గుంపు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నడుమ వచ్చే నైట్రైట్ కూడా తక్కువది కాదు. అది ఎక్కితే రక్తం ఆక్సిజన్ మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది. చివరికి మిగిలే నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) లోపు ఉన్నంతవరకు చేప తట్టుకుంటుంది, 20 లోపైతే ఇంకా మేలు. ఈ బాక్టీరియా నీళ్ళలో ఈదుతూ తిరిగేవి కావు. నీళ్ళు పారే చోట, పట్టు దొరికిన చోట అతుక్కుని కాపురం పెడతాయి. ఫిల్టర్‌లో స్పాంజ్ ఉండేది మురికి పట్టడానికే కాదు, ముఖ్యంగా వీటికి ఇల్లివ్వడానికి. తమరి ఒళ్ళేమో నున్నన, ఫిల్టర్ తగిలించడానికి అంచు లేదు, స్పాంజ్ దించితే చేపకు చోటు లేదు.

అరకొరగా గులకరాళ్ళ మీద చేరిన బాక్టీరియాకూ వారాంతాన ఉద్వాసన తప్పదు. చేపను గ్లాసులోకి మార్చడం, రాళ్ళను కుళాయి కింద బరబరా రుద్దడం, తమర్ని సబ్బుతో తోమడం, చల్లటి కుళాయి నీళ్ళు నింపడం, చేపను గుభేలుమని వేయడం. సబ్బు ఒక దెబ్బ, ఉష్ణోగ్రత తేడా ఇంకో దెబ్బ, కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మూడో దెబ్బ. క్లోరిన్ మంటకు చేప అటూ ఇటూ దూసుకుపోతుంటే “స్నానం చేసి ఎంత హుషారుగా ఉందో” అని మురిసిపోతారు. నీళ్ళను ఒకరోజు ఎయిర్ పంపు పెట్టి వదిలేస్తే క్లోరిన్ పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్ళయితే అలా పోదు, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే.

గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ చేప గనక హీటర్ లేకుండా నెట్టుకొస్తుంది. ఉష్ణమండలం చేపలకు తమరు ఆ భాగ్యం కూడా మిగల్చలేదు. ఫైటర్ ఫిష్‌కు 24 నుంచి 28 డిగ్రీల నీళ్ళు కావాలి, అవి నిలకడగా ఉండాలి. నాలుగు లీటర్ల నీళ్ళు గదితో పాటు వేడెక్కి గదితో పాటు చల్లారతాయి. పోనీ చిన్న హీటర్ పెడదామంటే, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఒక్కసారి ఇరుక్కుందంటే చేప ఉడికిపోతుంది. ఫైటర్‌కు నేరుగా గాలి పీల్చే అవయవం తలలో ఉంది కాబట్టి తమరి దగ్గర చావకుండా మిగులుతుంది. ఆ మిగలడాన్నే సుఖంగా ఉండడం అని ప్రచారం చేసుకున్న తమరి తెలివికి జోహార్లు. దానికి కనీసం 20 లీటర్లు, నెమ్మదిగా నడిచే స్పాంజ్ ఫిల్టర్, దూకకుండా మూత ఇస్తే అసలు రంగు చూపిస్తుంది. ఇక నియాన్ టెట్రాలనే బుల్లి చేపలను తెచ్చి గోల్డ్‌ఫిష్‌తో కలిపి బౌల్లో వేసేవాళ్ళ గురించి ఏం రాస్తాం? గోల్డ్‌ఫిష్‌కు 18 నుంచి 22 డిగ్రీలు హాయి. నియాన్‌లకు అంతకన్నా వెచ్చటి నీళ్ళూ, కనీసం ఆరేడు తోటి నియాన్‌లూ ఉండాలి. పైగా గోల్డ్‌ఫిష్ కాస్త పెరిగాక నియాన్ దాని నోట్లో సరిగ్గా పడుతుంది.

తమరి కీర్తి ఖండాంతరాలకు పాకిన సంగతి మాకూ తెలుసు. ఇటలీలో మోన్జా నగరం 2004లో, రోమ్ 2005లో చేపలను గుండ్రటి బౌళ్ళలో ఉంచకూడదని నిబంధనలు పెట్టాయి. కుక్కలకూ పిల్లులకూ రక్షణగా రాసిన నియమాల సరసన ఒక గాజుగిన్నె పేరెక్కడం మాటలా!

ఇప్పుడు తమరికి గిట్టని నలుపలకల ట్యాంకు కబురు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు అంటే 182 లీటర్లు. పైన ఖాళీ, అడుగున ఇసుక పోను 150 లీటర్ల నీళ్ళు, రెండు మూడు ఒరాండాలకు సరిపోతుంది. నీటి పైభాగం 4,050 చదరపు సెంటీమీటర్లు, తమరి మూతికి 35 రెట్లు పైనే. మొత్తం బరువు 200 కిలోల దాకా వస్తుంది కాబట్టి టీవీ బల్ల మీద పెట్టే వ్యవహారం కాదు. గోల్డ్‌ఫిష్ చెత్త ఎక్కువ, గంటకు ట్యాంకులోని నీళ్ళను ఎనిమిది పది సార్లు తిప్పే ఫిల్టర్ ఉండాలి. చేపలు రాకముందే రెండు పీపీఎం వచ్చేలా అమ్మోనియా వేసి ఫిల్టర్‌ను నడిపించాలి. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే సైక్లింగ్, అంటే ఫిల్టర్‌లో బాక్టీరియా కాపురం కుదురుకోవడం, అయినట్టు. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగా నడుస్తున్న వేరే ట్యాంకు నుంచి పాత స్పాంజ్ ముక్క దొరికితే చాలా ముందే అయిపోతుంది. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడమే పని. స్పాంజ్‌ను ఎప్పుడూ కుళాయి కింద పెట్టకుండా, ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. నీళ్ళు తీసే ముందు హీటర్ ఉంటే ప్లగ్గు పీకి ఓ అరగంట ఆగాలి, లేదంటే హీటర్ గాజు పగులుతుంది.

ఇప్పటికే తమరి దగ్గర బందీగా ఉన్న చేప ఆరు వారాలు ఆగలేదు. అలాగని ఈరోజే ఎత్తి కొత్త నీళ్ళలో పడేయకూడదు. బౌల్లో నీళ్ళు పాతబడి పీహెచ్ దిగిపోయి ఉంటుంది. రెండు మూడు రోజులు పూటకు ఐదో వంతు చొప్పున క్లోరిన్ తీసేసిన నీళ్ళు మారుస్తూ అలవాటు చేసి అప్పుడు ట్యాంకులోకి దించాలి. అక్కడ బాక్టీరియా ఇంకా కుదురుకుని ఉండదు గనక మొదటి వారాలు రోజూ నీళ్ళు పరీక్షించే టెస్ట్ కిట్ తీయాలి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ అర పీపీఎం చేరితే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చాలి. నైట్రైట్ మొండికేస్తే లీటరుకు ఒక గ్రాము ఉప్పు వేయాలి, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంతే. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం లేదు, దొరికిందల్లా తింటూ పోతుంది గనక దాని ఆకలిని నమ్మడానికి వీల్లేదు.

తమర్ని పగలగొట్టమని మేం అనడం లేదు. రెండు మనీప్లాంట్ కొమ్మలు గుచ్చి కిటికీ దగ్గర పెడతాం. ట్యాంకులో నుంచి వారం వారం తీసే నైట్రేట్ నీళ్ళు తమరికే పోస్తాం. ఆ మొక్కకు అవే కావాలి.

ఇట్లు,
చేపల పక్షం

తా.క.: పది లీటర్ల నలుచదరపు గాజుపెట్టె ఒకటి, తాను గుండ్రంగా లేదు కాబట్టి ఈ ఉత్తరం తనకు వర్తించదని చెప్పుకు తిరుగుతోందట. దాన్ని కూడా ఓసారి తన లీటర్లు లెక్కపెట్టుకోమనండి.