ఆరు మాటలకూ అర్థం ఒక్కటే కాదు

పరీక్షలు దగ్గరపడితే చాలు, ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు తెలుగు కుటుంబాల ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: డిస్టింక్ట్, డిస్టింక్టివ్, డిస్టింగ్విష్డ్, క్యారెక్టరిస్టిక్, పెక్యులియర్, యునిక్ అనే ఆరు ఇంగ్లీషు మాటలకూ ‘ప్రత్యేకమైన’ అనే ఒక్కటే అర్థం. నిఘంటువే వీటిని పర్యాయపదాలంటోంది కాబట్టి ఒకదాని చోట మరొకటి రాయవచ్చు. పొడుగు మాట రాస్తే మార్కులు ఎక్కువ పడతాయి. తెలుగులో ఉన్నదే ఒక్క మాట, కనుక మన పిల్లలు అంతకు మించి తెలుసుకోనక్కర్లేదు. యునిక్ ముందు వెరీ చేరిస్తే వాక్యానికి బలం.

ఈ ప్రాంతంలో తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నవాడిగా అంటున్నాను: ఇందులో నిలబడే వాదన ఒక్కటీ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు మోస్తున్న పిల్లల మీద ఈ సందేశం ఇంకో తప్పుడు బరువు పెడుతోంది.

నిఘంటువు సంగతి ముందు చూద్దాం. పర్యాయపదాల పట్టికలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన రెండు మాటలు ఒకటైపోవు. అవి దగ్గరి మాటలని మాత్రమే పట్టిక చెబుతుంది. అదే నిఘంటువులో ఒక్కో మాట కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదివితే తేడా కనబడుతుంది. వ్యాకరణం కూడా అడ్డుపడుతుంది. డిస్టింక్ట్ తరువాత ఫ్రమ్ వస్తుంది, క్యారెక్టరిస్టిక్ తరువాత ఆఫ్ వస్తుంది, ‘దానికే సొంతం’ అని చెప్పాలంటే పెక్యులియర్ తరువాత టు రావాలి. ఒకటి తీసి మరొకటి పెడితే వాక్యమే చెడుతుంది.

డిస్టింక్ట్ అంటే ఇది వేరు, అది వేరు అని. స్పష్టంగా కనబడేది, వినబడేది అనే అర్థం కూడా ఉంది. పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే రైలు మార్గం ఒకప్పుడు 762 మిల్లీమీటర్ల నారో గేజ్. ఇప్పుడది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్. ఈ రెండూ డిస్టింక్ట్ గేజులు. ఒకదాని బండి మరొకదాని పట్టాల మీద నడవదు. ఏది గొప్పదో, ఏది అందమైనదో ఆ మాట చెప్పదు. రెండూ ఒకటి కాదంటుంది, అంతే.

పిల్లలు ఎక్కువగా తడబడేది డిస్టింక్టివ్, క్యారెక్టరిస్టిక్‌ల దగ్గర. ఒక ఒడియా వాచకాన్ని, తెలుగు వాచకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు అక్షరాలు గుండ్రనివి. అది తెలుగు లిపి స్వభావం, కాబట్టి గుండ్రదనాన్ని క్యారెక్టరిస్టిక్ అనవచ్చు. అయితే ఒడియా అక్షరాలూ గుండ్రనివే. పర్లాకిమిడి బడిలో ఈ రెండు పుస్తకాలను వేరుచేసి గుర్తుపట్టడానికి గుండ్రదనం పనికిరాదు. పనికొచ్చేది అక్షరం నెత్తిన ఉండే తలకట్టు. ఒడియాలో ఆ చోట గొడుగులా వంగిన గీత ఉంటుంది. కాబట్టి ఇక్కడ డిస్టింక్టివ్ తలకట్టు.

ఇవే అక్షరాలను మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచకు తీసుకువెళ్లండి. అక్కడి తెలుగువారి పిల్లల చేతిలో తెలుగు పక్కన ఉండేది మరాఠీ, అంటే నాగరి లిపి, నెత్తిన తిన్నగా సాగే గీతతో. అక్కడ గుండ్రదనమే తెలుగును పట్టిస్తుంది, అక్కడ అదే డిస్టింక్టివ్ అవుతుంది. కన్నడం పక్కన పెడితే కథ మళ్లీ మారుతుంది. ఆ లిపీ గుండ్రనిదే, దానికీ తలకట్టు ఉంది. అక్షరాల్లో ఏ మార్పూ లేదు, పక్కన ఉన్నది మారింది. క్యారెక్టరిస్టిక్ రాసే ముందు ‘ఇది దీని స్వభావమేనా?’ అని అడగాలి. డిస్టింక్టివ్ రాసే ముందు ‘పక్కవాటిలో నుంచి దీన్ని ఇదే పట్టిస్తుందా?’ అని అడగాలి. రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు వచ్చే సందర్భాలు ఉంటాయి, రానివీ ఉంటాయి. పిల్లలకు నేర్పవలసింది ఈ ప్రశ్నలు.

ఇదంతా మాస్టార్ల చాదస్తమని కొట్టిపారేసేవారు 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ చూడాలి. డిస్టింక్టివ్ లక్షణం లేని వ్యాపార గుర్తును నమోదు చేయకూడదని అందులో ఉంది. రాయగడలో పచ్చళ్లు పట్టి అమ్మే ఆవిడ ‘కమ్మని పచ్చడి’ అన్న మాటనే తన గుర్తుగా నమోదు చేయమంటే, అది ఎవరి పచ్చడికైనా సరిపోయే మాట అన్న అభ్యంతరం వస్తుంది. మాట మంచిదే, కానీ ఆవిడ సీసాను పక్క సీసాలో నుంచి గుర్తుపట్టించదు.

పొడుగు మాటకు మార్కులు ఎక్కువన్నది మరీ అన్యాయమైన సలహా. గంజాం తీరం మొగలిపువ్వుకు పేరు. ఆ వాసన కళ్లు మూసుకున్నా పట్టేయవచ్చు కాబట్టి దాన్ని డిస్టింక్టివ్ అనాలి. ఈ సందేశాన్ని నమ్మిన పిల్లవాడు డిస్టింగ్విష్డ్ అని రాస్తాడు. ఆ మాట పేరుప్రతిష్ఠలు గడించిన మనుషులకు, వారి కృషికి చెల్లుతుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర అనే గిరిజన భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి డిస్టింగ్విష్డ్ పండితుడు. పువ్వు వాసనకు ఆ విశేషణం తగిలిస్తే ఉన్న మార్కూ పోతుంది.

పెక్యులియర్ విషయంలో నాకు కోపమే వస్తుంది. తమ ఊరి బడికి తెలుగు ఉపాధ్యాయుణ్ణి ఇవ్వమంటూ కొందరు పెద్దలు రాసుకున్న అర్జీ ఈ మధ్య నా దగ్గరికి దిద్దడానికి వచ్చింది. అందులో మాది పెక్యులియర్ భాష అని ఇంగ్లీషులో ఉంది. రాసిన కుర్రవాడు ఈ జాబితా చూసే ఆ మాట ఎంచుకున్నాడు. ‘మాకంటూ ఒక భాష ఉంది’ అని చెప్పాలనుకున్నాడు. చదివే అధికారికి ‘మాది వింత భాష’ అని వినబడుతుంది. రాజ్యాంగం 29వ అధికరణం మొదటి క్లాజు వాడిన మాట డిస్టింక్ట్. తమదంటూ వేరే భాష, లిపి లేదా సంస్కృతి ఉన్న పౌరులకు వాటిని కాపాడుకునే హక్కు ఉందని ఆ క్లాజు చెబుతుంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలనేది 350ఎ అధికరణం. ఒడిశాలో తెలుగువారు నిలబడవలసిన నేల అది. అర్జీలో డిస్టింక్ట్ అని మార్చి, పక్కన ఆ రెండు అధికరణాల సంఖ్యలూ వేయించాను.

పెక్యులియర్‌ను గౌరవంగా వాడే తావూ ఉంది. 1936లో మంగై గొమాంగో సవర భాష కోసం సోరంగ్ సోంపెంగ్ లిపిని రూపొందించారు. ఆ లిపి సవర భాషకు పెక్యులియర్ అంటే ఆ భాషకే సొంతమైనదని అర్థం, అందులో తక్కువ చేయడం లేదు. వెనక టు లేకుండా ఊరికే పెక్యులియర్ లిపి అంటే మాత్రం వింత లిపి అవుతుంది.

ఇక తెలుగులో ఒక్కటే మాట ఉందన్న వాదం. భిన్నం, విలక్షణం, విశిష్టం, స్వభావసిద్ధం, వింత, అద్వితీయం: ఇవన్నీ ఎవరి మాటలు? సభకు పిలిచిన విశిష్ట అతిథిని వింత అతిథి అని ఏ తెలుగువాడూ పరిచయం చేయడు. ఆ తేడా మన పిల్లలకు ఇంటి భాషలోనే తెలుసు. ఆరింటినీ ‘ప్రత్యేకం’ అనే ఒక్క సంచిలో కుక్కినప్పుడే అది మరుగున పడుతోంది.

యునిక్ గురించి రెండు మాటలు చాలు. దానికి అసలు అర్థం ఒకే ఒక్కటి అని. ఒక్కదానికి ఎక్కువ తక్కువలు ఉండవు కాబట్టి వెరీ చేర్చడాన్ని చాలామంది తప్పుపడతారు. ‘అరుదైన’ అనే అర్థంలో దాన్ని వదులుగా వాడటం కూడా ఉంది, నిఘంటువులు దాన్ని నమోదు చేశాయి. అయినా పరీక్ష పత్రంలోనూ అర్జీలోనూ వెరీ వద్దు. దాదాపు అనే అర్థంలో ఆల్మోస్ట్ రాయవచ్చు, దానికి అభ్యంతరం లేదు.