వడ్ల తరుగు, విశేష సాపేక్ష సిద్ధాంతం

మిర్యాలగూడ పక్కన భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, సాగర్ ఎడమ కాలువ కింద రెండెకరాల వరి చేసుకునే నావంటి వాడికి యాసంగి కోతల వేళ రెండు తూకాలు ఎదురవుతాయి. ఒకటి ప్రవేశ పరీక్షల లెక్కల్లో, రెండోది వడ్ల కొనుగోలు కేంద్రంలో. రెండు చోట్లా కూడిక తప్పుతుంది. మొదటిచోట ఎందుకు తప్పుతుందో నాకు తెలుసు: ఐన్‌స్టీన్ విశేష సాపేక్ష సిద్ధాంతం వల్ల. రెండోచోటా కారణం అదే అయి ఉంటుందని, ఎవరినీ అనుమానించకుండా, కేవలం శాస్త్రం మీది గౌరవంతో ఈ పరిశీలనకు పూనుకున్నాను.

మొదటి తూకం ఇది. నాలుగేసి కిలోల విరామ ద్రవ్యరాశి (కదలకుండా ఉన్నప్పటి ద్రవ్యరాశి) గల రెండు ముద్దలు, కాంతి వేగంలో 0.6 వంతు వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని, ఒకదానికొకటి అతుక్కుని ఆగిపోయాయి. మిగిలిన ముద్ద ద్రవ్యరాశి ఎంత? తరగతి అంతా ఒక్క గొంతుతో ఎనిమిది అంటుంది. జవాబు పది. ఆ వేగం దగ్గర ఒక్కో ముద్ద మొత్తం శక్తి దాని విరామ శక్తికి 1.25 రెట్లు ఉంటుంది. ఆ శక్తి ఎటూ పోక ద్రవ్యరాశిగానే మిగిలింది కనుక ఐదూ ఐదూ పది. నేను ఇది చెప్పి సుద్దముక్క కింద పెట్టేలోగా వెనక బెంచీ పిల్లవాడు లేచి, “సార్, మా నాయిన నలభై మూడు కిలోలు కాంటా పెడితె నలభై అని రాసిండ్రు. మీరేమొ నాలుగు, నాలుగు పది అంటున్నరు. మీరే కేంద్రం పెట్టుండ్రి సార్” అన్నాడు. అందరూ నవ్వారు. ముందురోజే నా అరవై బస్తాలకూ అదే గతి పట్టినందువల్ల నేను నవ్వలేకపోయాను.

ఆ కాంటా నాకింకా కళ్లముందే ఉంది. బస్తాలోకి సన్నటి ఇనుప గొట్టం పొడిచి, గుప్పెడు గింజలు లాగి, తేమ మిషన్‌లో పోస్తే పదహారు శాతం చూపించింది. పదిహేడు దాకా పర్వాలేదన్నది నిబంధన. ఖాళీ గన్నీ సంచి బరువు వేరే పట్టుకున్నారు. ఎర్ర అంకెలు నలభై మూడు దగ్గర ఒక క్షణం వణికి నిలబడ్డాయి. రశీదు మీద మాత్రం నలభై పడింది. తక్కిన మూడు కిలోలేవని అడిగితే, బస్తా నోరు కుడుతున్న హమాలీ తల ఎత్తకుండానే, “అది తరుగు సారూ. ఏడికి వోయిందంటె నేనేం జెప్పాలె?” అన్నాడు. నిజానికి అతడు అడిగిందే అసలు ప్రశ్న. 1905లో ఐన్‌స్టీన్ తన చిన్న వ్యాసంలో జవాబు చెప్పిందీ దానికే. ఒక వస్తువు శక్తిని వెలువరిస్తే, వెలువడిన శక్తిని కాంతి వేగపు వర్గంతో భాగించినంత ద్రవ్యరాశి దానిలో తగ్గుతుంది. కాబట్టి తరుగు ఉండవచ్చు, తప్పు లేదు. కానీ తరిగినదానికి సరిపడా శక్తి ఎటు పోయిందో చూపించాలి.

లెక్క వేశాను. ఒక కిలో పూర్తిగా శక్తిగా వెలువడితే దాదాపు 2,500 కోట్ల కరెంటు యూనిట్లు. మూడు కిలోలకు 7,500 కోట్లు. మన దామరచర్లలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఒక్క గంట కూడా ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిచినా ఇంత కరెంటు తీయడానికి రెండేళ్లు దాటుతుంది. ఇది ఒక్క బస్తా తరుగు. 1945లో హిరోషిమాలో శక్తిగా మారినది గ్రాము కూడా నిండని ద్రవ్యరాశి అని గుర్తు చేసుకుంటే, నా బస్తా తరిగిన తర్వాత కూడా కేంద్రం, అందులోని కుర్చీలు, కుర్చీల్లోని వారు చెక్కుచెదరకుండా ఉండడం ఆశ్చర్యమే. పైగా ఆ సాయంత్రం కేంద్రంలో బల్బు కూడా వెలగలేదు.

ఎండకు కాగిన వడ్లు చల్లబడి తరిగాయేమో అని కూడా ఆలోచించాను. వేడి వస్తువుకు చల్లటి వస్తువు కన్నా ద్రవ్యరాశి ఎక్కువన్నది నిజమే. అయితే బస్తా పది డిగ్రీలు చల్లబడితే పోయేది గ్రాములో కోటో వంతు కన్నా తక్కువ. ఆ కాంటాకు అంత చూపు లేదు. ఇక వడ్లను మిల్లుకు మోసే లారీ పరుగు సంగతి: గతిజశక్తి కలిస్తే మొత్తం పెరగాలే తప్ప తగ్గదు. కనుక ఆ దారీ మూసుకుపోయింది.

ఇక్కడ నా విద్యార్థులకు చెప్పే అసలు మెలికను వాడుకోవలసి వచ్చింది. ముద్దలు గుద్దుకున్నాక ఎనిమిది కాస్తా పదికి పెరిగిందని పిల్లలు రాసుకుంటారు. అదీ తప్పే. రెండు ముద్దల్నీ కలిపి ఒకే వ్యవస్థగా చూస్తే గుద్దుకోకముందూ దాని ద్రవ్యరాశి పదే. విడివిడిగా తూచి కూడితే ఎనిమిది, రెంటి చుట్టూ కలిపి గీత గీస్తే పది. ముక్కల మొత్తం మారవచ్చు. గీత దాటి ఏదీ బయటికి పోనంత కాలం వ్యవస్థ ద్రవ్యరాశి మాత్రం మారదు. ద్రవ్య నిత్యత్వాన్ని (ద్రవ్యరాశి పుట్టదు, నశించదు అన్న నియమాన్ని) త్రాసుతో నిలబెట్టిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్‌కు ఈ సంగతి తెలియకపోయినా వసూళ్ల సంగతి బాగా తెలుసు. రాజుగారి పన్నుల గుత్తలో ఆయన వాటాదారు, 1794లో తల పోగొట్టుకున్నదీ ఆ కేసులోనే.

సరే, నేనూ గీత గీశాను. నా కల్లం, కేంద్రం, లారీ, మిల్లు, మిల్లు వెనక గోదాము అన్నీ లోపలికి వచ్చేలా గీశాను. మొదట నలభై మూడు. చివర నలభై మూడు. శక్తి వెలువడలేదు, మంట లేదు, వెలుగు లేదు. కేంద్రం వారు మాత్రం గీతను సరిగ్గా కాంటా పళ్లెం అంచున గీసి, అక్కడికి నలభై అని రాశారు.

అందుచేత వారికి సవినయంగా ఒక అర్జీ పెట్టుకున్నాను. మూడు కిలోలు వడ్లుగానే ఉన్నట్లయితే వడ్లుగా ఇప్పించండి. శక్తిగా మారినట్లయితే అరవై బస్తాలకు రావలసిన నాలుగున్నర లక్షల కోట్ల యూనిట్లు నా ఖాతాలో జమ చేయించండి. వ్యవసాయ మోటారుకు కరెంటు ఎలాగూ ఉచితమే కనుక, దయచేసి ఇంటి మీటరుకు.